వరిగింజ దూరేంత సందు

బాపట్ల నుంచి రామ్మోహన్ ఫోన్ చేసినప్పుడు నేను తెనాలిలో మా వంటింటి కుళాయిని తిట్టుకుంటూ ఉన్నాను. ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయి నుంచి వెంట్రుకంత ధార వస్తోంది. ప్లంబరు మూడు రోజులుగా "ఇదిగో, దారిలో ఉన్నానమ్మా" అంటున్నాడు. అలాంటప్పుడు ఎవరో మగగొంతు "భారతి గారేనాండి? నేను మీ నాన్నగారి స్టూడెంటునండి" అంటే నాకేమీ ముచ్చటెయ్యలేదు. ముక్తసరిగా "ఊఁ, చెప్పండి" అన్నాను. అతను నొచ్చుకోలేదు. సూర్యలంక రోడ్డులో మా పాత ఇల్లు ఇప్పుడు తనదేనట. పెరట్లో పునాదులు తీయిస్తుంటే పాత చేతిపంపు పైపు బయటపడిందట. "దానికి కొబ్బరి తాడు చుట్టుందండి. నల్లబడిపోయింది గానీ ఊడలేదు. చూడగానే తెలిసిపోయిందండి, సార్ చెప్పిన పైపు ఇదేనని. పారెయ్యబుద్ధి కాలేదు. ఒకసారొచ్చి చూస్తారేంటండి?" అన్నాడు. ఆ పైపు మా ఇంటిదేనని నాన్న ఎవరితోనైనా చెప్పుకున్నారంటేనే నాకు ఆశ్చర్యం. అయినా కొబ్బరి తాడు అన్న మాట చెవిన పడగానే తడి పీచు వాసన, తుప్పు నీళ్ల వాసన రెండూ కలిసి ముక్కుకి తగిలాయి.

ముందు గదిలో కుర్చీలో కూర్చున్న అమ్మకి చెప్పాను. అమ్మకి ఎనభై ఆరు. మోకాళ్లు సహకరించవు గానీ చెవులూ మతీ శుభ్రంగా ఉన్నాయి. "ఇంకా ఉందా అది?" అని అడిగి, "శేషుని తీసుకెళ్లు. అది వాడు చూడాల్సిన వస్తువు" అంది. శేషు మా తమ్ముడు. రేపల్లెలో విత్తనాల దుకాణం నడుపుతాడు. ఆదివారం కారేసుకుని వచ్చాడు. "తుప్పు పట్టిన పైపు చూడ్డానికి దుకాణం మూయించావు కదే అక్కా" అని దారి పొడవునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, వాడికి తెలియని ఆ ఏడాదిని మొదటినుంచీ తలుచుకున్నాను.

మేము బాపట్ల వచ్చేటప్పటికి నాకు పదేళ్లు. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఊరి ఇళ్లు అయిపోయి జీడిమామిడి తోటలు మొదలయ్యేచోట రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. ఎటు చూసినా ఇసకే. సాయంత్రం సముద్రపు గాలి మొదలైతే చాపల మీద, దుప్పట్ల మీద, మూత సరిగా పెట్టని అన్నం గిన్నెలో, అన్నింట్లోనూ సన్నటి ఇసక. తెనాలి నల్లరేగడి మీద పుట్టి పెరిగిన నాన్నకి ఆ ఇసక పరమ శత్రువు. ఆయన వడకట్టని ద్రవం మా ఇంట్లో ఉండేది కాదు. తాగే నీళ్లు రెండు మడతల గుడ్డలో, పాలు ఒక మడతలో, మజ్జిగ ఇంకో గుడ్డలో. ఆఖరికి స్టౌలో పోసే కిరసనాయిలు కూడా గరాటులో దూది పెట్టి పోసేవారు. ఒంటి మీద పంచె ఎప్పుడూ తెల్లగా, గంజి పెట్టి ఉండేది. ఆ పంచె మీద మరక పడితే అమ్మ కంటే ముందు నేను భయపడేదాన్ని.

మా అమ్మ రేపల్లె దగ్గర రైతుల ఇంటి పిల్ల. మాట తక్కువ. నాన్న ముందు మరీ తక్కువ. అప్పటి అందరిళ్లలాగే మా ఇంట్లోనూ వాళ్లిద్దరూ ఒకరి పేరు ఒకరు పలికేవారు కాదు. నాన్న "ఇదుగో" అని పిలిచేవారు. అమ్మ వంటింట్లో ఉన్నా, దండెం దగ్గర ఉన్నా, "ఇక్కడే ఉన్నానండీ" అనేది. రోజుకి ఇరవై సార్లు ఈ రెండు మాటలూ ఇల్లంతా తిరిగేవి. అమ్మ పేరు రాజ్యలక్ష్మి అని నాకు తెలిసింది కూడా రేపల్లె నుంచి తాతయ్య రాసిన కార్డు చదివినప్పుడే.

నీళ్లు సందు అవతల ఎదురింటివాళ్ల బావి నుంచి తెచ్చుకోవాలి. తియ్యటి నీళ్లు, పెద్ద లోతు కూడా లేదు. కానీ చేద వేసి తోడి, బిందె చంకన పెట్టుకుని ఇసకలో నడవాలి. మడమ దిగబడిపోతూ ఉంటే నిండు బిందె మోయడం ఏంటో మోసినవాళ్లకే తెలుస్తుంది. నా తర్వాత అమ్మకి రెండు కాన్పులు నిలవలేదు. ఆ విషయం నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ పెట్టెలో కుట్టకుండా మిగిలిపోయిన చిన్న చొక్కా గుడ్డలు చూసి నేనే తెలుసుకున్నాను. మూడోసారి నెల తప్పినప్పుడు లేడీ డాక్టరమ్మ నాన్నని పిలిపించి గట్టిగా చెప్పింది. చేద తోడకూడదు, బిందె ఎత్తకూడదు, ఏడో నెల దాకా రైలెక్కి పుట్టింటికి పోనూ కూడదు. ఈసారి కూడా పోతే తల్లికే ప్రమాదం అంది. ఆ రోజు నాన్న అన్నం సగంలో వదిలేసి లేచారు.

తెల్లారకముందే నాన్న రెండు బిందెలు తోడి పోసేవారు. బడికి వెళ్లేముందు నేను నాలుగు, వచ్చాక నాలుగు. నావి చిన్న బిందెలు. మధ్యాహ్నానికి అయిపోయేవి. పెరట్లోనే చేతిపంపు వేయించాలని నాన్న నిర్ణయించుకున్నారు. సూర్యలంక దగ్గర పల్లె నుంచి పోలయ్య మేస్త్రీ వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. అరచేతులు చెప్పు అట్టల్లా ఉండేవి. ఇద్దరు మనుషులు పైపుని ఎత్తి కుదేస్తుంటే, ఇతను పైన కూర్చుని పైపు మూతిని అరచేత్తో మూస్తూ తీస్తూ ఉండేవాడు. మూసినప్పుడు పైపులో నీళ్లు నిలబడేవి, తీసినప్పుడు ఇసకతో సహా పైకి కక్కేవి. అరచెయ్యి అడ్డం పెట్టడం, తియ్యడం, అంతే పని. అలా ఇరవై అడుగులు దింపాడు. నాన్న చేతులు కట్టుకుని చూస్తూ, "పీడన భేదం, పీడన భేదం" అని తనలో తను అనుకుంటూ మురిసిపోయారు.

పేచీ అసలు చోట వచ్చింది. భూమిలో అడుగున ఉండే పైపుకి రంపంతో గాట్లు పెట్టి, నీళ్లు దూరడానికి దాని మీద కొబ్బరి తాడు చుట్టాలి. చుట్టుకీ చుట్టుకీ మధ్య వరిగింజ దూరేంత సందు వదులుతున్నాడు పోలయ్య. నాన్న వంగి చూసి, "ఇంత సందేంటయ్యా? ఇసకంతా లోపలికొచ్చేస్తుంది కదా" అన్నారు.

"ముందు వస్తదండి సారూ. తర్వాత సర్దుకుంటది" అన్నాడు పోలయ్య.

"సర్దుకోవడమేంటి? నా ఇంట్లో ఇసక నీళ్లు తాగేదెవరు?" అని నాన్న లోపలికి వెళ్లి, ఉగాదికి కొనుక్కున్న కొత్త మల్లు పంచె తెచ్చారు. చించి, రెండు మడతలు వేసి, గాట్ల మీద బిగించి చుట్టమన్నారు. పోలయ్య పంచె వంక, నాన్న వంక మార్చి మార్చి చూశాడు. "ఇంత సన్నం పెడితే దానికి ఊపిరాడదండి" అన్నాడు. నాన్న అప్పుడు ఒక పావుగంట పాఠం చెప్పారు. రేణువు పరిమాణం, రంధ్రం పరిమాణం, అన్నీ. పోలయ్య కొడుకు నాన్న దగ్గరే చదువుతున్నాడు. పంతులుగారి మాట కాదనలేక పంచె చుట్టేసి, తాడు మూట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఏదో అనబోయి ఊరుకోవడం నేను చూశాను.

హ్యాండిల్ మొదటి పోటుకే నీళ్లు పడ్డాయి. అద్దంలాంటి నీళ్లు. గాజుగ్లాసులో పట్టి నాన్న ఎండకెదురుగా ఎత్తి చూపిస్తే, వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూశారు. పంపు పక్కన ఒక రాగి చెంబు వెలిసింది. ఆఖరున నీళ్లు కొట్టుకున్నవాళ్లు ఆ చెంబు నింపి వెళ్లాలి, తర్వాత వచ్చినవాళ్లు ఆ నీళ్లు పంపు నెత్తిన పోసి మొదలెట్టాలి. మర్చిపోతే నాన్న చేత చీవాట్లు. బిందె మోసే పని తప్పిందని నేను గెంతులేశాను.

వారం తిరక్కుండా హ్యాండిల్ బరువెక్కింది. పది రోజులకి పిల్లి తాగేంత ధార. కిందికి నొక్కిన హ్యాండిల్ చేతిలోంచి జారి దానంతటదే పైకి లేచి గడ్డానికి తగిలేది. నాన్న వాషరు అరిగిందన్నారు. కొత్త తోలు వాషరు తెచ్చి ఆముదంలో నానబెట్టి వేశారు. మర్నాడు మళ్లీ అంతే. ఇంకో వాషరు. ఆముదం వాసనతో పెరడంతా నిండిపోయింది. తర్వాత ఇంకా గట్టిగా, ఇంకా జోరుగా కొట్టమన్నారు. ఎంత జోరుగా కొడితే అంత తక్కువ వచ్చేది. పోలయ్యని పిలుద్దామని నేను ఒకసారి అంటే నా వైపు చూసిన చూపుకి మళ్లీ అనలేదు. నేను మళ్లీ బిందె పట్టుకున్నాను.

ఆ శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం నాన్నా నేనూ కలిసి ఇంటికొచ్చాం. వంటింట్లో మూడు పెద్ద బిందెలు నిండుగా ఉన్నాయి. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది, కొంగు తడిసిపోయి ఉంది. నాన్న ఏమీ అడగకుండా అమ్మ చెయ్యి తిప్పి చూశారు. అరచేతి మీద చేదతాడు ఒరుసుకున్న ఎర్రటి చార. "ఎవరు తోడమన్నారు నిన్ను?" అన్నారు. కోపంగా అందామనుకున్నారు గానీ గొంతు వణికింది. నాన్న భయపడటం నేను చూడ్డం అదే మొదటిసారి.

"ఎసరు పెట్టడానికి కూడా నీళ్లు లేవండి" అంది అమ్మ. తర్వాత, నా జ్ఞాపకంలో మొదటిసారిగా, నాన్న ముందు నాలుగు మాటలు కలిపి మాట్లాడింది. "వాషరు కాదండీ. మొన్న మీరు కాఫీపొడి మరీ మెత్తగా మర పట్టించుకొచ్చారు, గుర్తుందా? ఫిల్టర్లో డికాషన్ దిగలేదు. నెత్తిన ఎంత నొక్కితే అంత బిగుసుకుపోయింది. నేనేం చేశాను? కింద బరకపొడి పోసి, దాని మీద మెత్తంది పోశాను. చుక్కచుక్కా దిగింది. భూమిలో మీ పంచె కూడా అంతేనేమో. అడుగున బరక లేదు. సన్న ఇసకంతా పోయి దానికి అతుక్కుని ఉంటుంది. మనం గట్టిగా కొట్టేకొద్దీ ఇంకా అతుక్కుంటుంది."

నాన్న అమ్మ అరచెయ్యి మెల్లగా ఆవిడ ఒళ్లో పెట్టారు. తర్వాత లేచి సైకిలు తీశారు, నన్ను వెనక కూర్చోమన్నారు. ఎర్రటి ఎండలో సూర్యలంక పల్లె దాకా తొక్కారు. పోలయ్య పాక ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నాన్న సైకిలు స్టాండు కూడా వేయకుండా, "తప్పు నాదే మేస్త్రీ. నువ్వు చెప్పినట్టే ఊపిరాడలేదు" అన్నారు. నవ్వుతాడేమోనని నేను పళ్లు బిగబట్టుకున్నాను. పోలయ్య నవ్వలేదు. వల పక్కన పెట్టి, "అమ్మగారికెట్టా ఉందండి? రేప్పొద్దున్నే వస్తాను" అన్నాడు.

పైపు పైకి లాగితే పంచె కనపడలేదు, నల్లటి మెత్తటి పూత కనపడింది. గోడకి మెత్తినట్టు అతుక్కుపోయింది. పోలయ్య కత్తితో చీరి తీసేసి, నన్ను ఒక కొస పట్టుకోమన్నాడు. నేను పైపు తిప్పుతుంటే అతను తాడు చుట్టాడు. అమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, గుప్పెట్లో వరిగింజలు పెట్టుకుని, సందు బిగిసిన చోటల్లా "అక్కడ, అక్కడ" అని చెప్పింది. నాన్న ఆ గింజ పెట్టి చూసి, నిజమే అంటూ తాడు జరిపించారు.

ఆ తర్వాత రెండు రోజులు వచ్చింది బురద. సన్న ఇసక, బూడిదరంగు నీళ్లు. నాన్న మొహం చూడలేకపోయాం. "రానివ్వండి సారూ, ఆపమాకండి. సన్నం పోవాల. లావిసక తాడు చుట్టూ చేరి అదే వడపోతవుద్ది" అన్నాడు పోలయ్య. పంపు వేసినవాళ్లింట్లో ఈ తొలి బురద అయిపోయేదాకా వీధివాళ్లంతా తలా నూరు పోట్లు కొట్టిపోవడం అక్కడి అలవాటు. ఎదురింటామె వచ్చింది, పల్లెనుంచి పోలయ్య భార్య వచ్చింది, పైకి లెక్కపెట్టుకుంటూ కొట్టేవారు. రెండోరోజు నాన్న బడికి సెలవు పెట్టి, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, బురద చిమ్ముతున్నా పట్టించుకోకుండా వీధంతా చూస్తుండగా నూర్ల మీద నూర్లు కొట్టారు. మూడోరోజు పొద్దున గ్లాసులో పట్టి ఎండకెత్తితే అడుగున నాలుగే నాలుగు గింజల ఇసక. ఈసారి ఆయన ఆ గ్లాసు వీధిలో ఎవరికీ చూపించలేదు. "ఇదుగో" అని పిలిచి అమ్మ చేతికిచ్చారు. ఏడో నెల నిండాక అమ్మ రేపల్లె వెళ్లింది. శేషు అక్కడే పుట్టాడు. మూడో నెలలో వాడికి బాపట్లలో పోసిన మొదటి స్నానం ఆ పంపు నీళ్లతోనే.

నేను తొమ్మిదో తరగతిలో నాన్న క్లాసులోనే కూర్చున్నాను. పైపులో అడ్డంకుల పాఠం వచ్చినప్పుడు ఆయన రబ్బరు గొట్టాన్ని నొక్కి చూపించి, "ఒక తెలివైనవాడు పంపుకి పంచె చుట్టాడర్రా" అని కథంతా చెప్పారు. పిల్లలు పడీపడీ నవ్వారు. చివర్లో "ఒకావిడ చెబితే బుద్ధొచ్చింది" అన్నారు. ఆవిడెవరో చెప్పలేదు. నేను పుస్తకంలో తల దూర్చుకున్నాను. పంచె తనదని చెప్పుకోలేదని అప్పట్లో నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. చాలా ఏళ్లు ఆ కోపం అలాగే ఉంచుకున్నాను.

రామ్మోహన్ మాకు ఎదురొచ్చి కొబ్బరినీళ్లు ఇచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎలక్ట్రికల్ షాపు ఉందట. పైపుని కడిగించి, రెండు ఇటుకల మీద పడుకోబెట్టి ఉంచాడు. తాడు బొగ్గులా నల్లగా అయింది, ముట్టుకుంటే అంచులు పొడిగా రాలుతున్నాయి. చుట్ల మధ్య సందుల్లో లావు ఇసక ఇంకా పేరుకునే ఉంది. నేను అక్కడే నిలబడి శేషుకి సంగతంతా చెప్పాను. వాడి వేళాకోళం ఎటు పోయిందో, పైపు పక్కన గొంతుక్కూర్చుని తాడు చుట్లు వేలితో మెల్లగా తడిమాడు.

"కొత్త బోరుకి వాళ్లు సన్న జాలీ చుట్టబోయారండి" అన్నాడు రామ్మోహన్. "నేనొప్పుకోలేదు. చుట్టూ చిన్న కంకర పోయించాను, రెండు రోజులు బురద పోనిచ్చాను. రాజ్యలక్ష్మి సూత్రం ప్రకారమేనండి."

"ఏ సూత్రం?" అన్నాను.

అతను నా వంక వింతగా చూశాడు. "మీకు తెలీదాండి? సార్ మా చేత నోట్సులో రాయించేవారండి. రాయండర్రా, రాజ్యలక్ష్మి సూత్రం. వడపోత ఎంత సన్ననిదైతే అంత త్వరగా పూడుకుంటుంది. సందు వదిలి, తొలి బురదను పోనిస్తే, మిగిలిన ఇసుకే వడపోత అవుతుంది. పరీక్షల్లో కూడా రాశామండి. ఆవిడెవరో పెద్ద సైంటిస్టనుకునేవాళ్లం. టెన్త్ అయిపోయేరోజున ఒకడడిగితే, ఆవిడ నా భార్యరా, పంచె చుట్టించినవాణ్ణి నేనే, అన్నారండి."

నేను క్లాసులో ఉన్న ఏడాది కూతురి ముందు సిగ్గుపడి ఆ పేరు మింగేశారన్నమాట. మిగిలిన ఏళ్లన్నీ ఏడాదికి నలభై మందికి చెప్పారు. నాకు అక్కడే కళ్లనీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

తిరిగి వస్తూ అప్పటికీ ఇప్పటికీ బేరీజు వేసుకున్నాను. ఇప్పుడు స్విచ్చి వేస్తే నీళ్లు, గోడలో పైపు ఎటు పోతుందో ఇంటి మనిషికే తెలియదు. నేనే మూడు రోజులుగా ప్లంబరు కోసం కూర్చోలేదూ? కానీ పాత రోజులే గొప్పవని అనబుద్ధి కాలేదు. అమ్మ అరచేతి మీద ఆ ఎర్రచార నాకింకా గుర్తుంది. చేద తోడే పని ఏ ఆడదానికీ మళ్లీ రాకూడదు. తాడు పోయి కంకర వచ్చినా, పోలయ్య మాట మాత్రం రామ్మోహన్ పెరట్లో చెల్లుతూనే ఉంది. అది చాలనిపించింది. ఇంటికి రాగానే శేషు వంటింట్లోకి వెళ్లి, కుళాయి మూతి దగ్గరున్న చిన్న జాలీ చేత్తో తిప్పి ఊడదీసి, అరచేతిలో తట్టాడు. చిటికెడు ఇసక. జాలీ మళ్లీ బిగించి కుళాయి తిప్పితే నీళ్లు చివ్వున నా చీర మీద పడ్డాయి. "ప్లంబర్ని రావద్దని చెప్పు" అన్నాడు.

అమ్మకి అన్నీ చెప్పాను. పైపు ఉందంటే తలూపింది, తాడు నిలిచిందంటే తలూపింది. సూత్రం దగ్గరకి వచ్చేసరికి కుర్చీలో కొంచెం ముందుకి జరిగింది.

"పేరు పెట్టి అన్నారా?"

"పేరు పెట్టేనమ్మా."

"గట్టిగా?"

"క్లాసంతా రాసుకునేంత గట్టిగా."

నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆఖరి రోజున కూడా "ఇదుగో" అనే పిలిచారు. అమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, "ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి. ఆయన ఎలా అనేవారో, అలా ఒకసారి అనమను" అంది. శేషు ఫోన్ కలిపి స్పీకరు పెట్టి అమ్మ ఒళ్లో ఉంచాడు. విషయం చెబితే రామ్మోహన్ అవతల మొహమాటపడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. తర్వాత నాన్న గొంతులోని ఆ సాగదీత, ఆ ఆగడం, అన్నీ అలాగే పట్టుకుని అన్నాడు. "రాయండర్రా... రాజ్యలక్ష్మి..."

"ఆఁ, ఇక్కడే ఉన్నానండీ" అంది అమ్మ.